బుడాపెస్ట్‌లో కించెమ్ గుర్రం షో: వెళ్లొచ్చా, వెళ్తే ఏం చూడాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. జూన్‌లో అమ్మగారిని, తొమ్మిదేళ్ల పాపను తీసుకుని బుడాపెస్ట్ వెళ్తున్నారు. అక్కడ 'కించెమ్' అనే పాతకాలపు రేసు గుర్రం కథను, హంగరీ గుర్రాల సంప్రదాయాన్ని కలిపి చూపించే లైవ్ షో ఉందని ఎవరో చెప్పారు. టికెట్ చూస్తే తక్కువేమీ కాదు. 54 రేసుల్లో 54 గెలిచిందంటున్నారు, నిజమా, గొప్పలు చెప్పుకోవడమా? ఇదీ ఒకరకం సర్కసేనా? గుర్రాలను కొట్టి చేయిస్తారా? హంగేరియన్ ముక్క రాని మనకు ఏమైనా అర్థమవుతుందా?

నేను గుర్రాల డాక్టర్ని. హైదరాబాద్‌లో ముప్పై ఏళ్లకు పైగా రేసు గుర్రాల కాళ్లూ కడుపులూ చూసి రిటైరయ్యాను. మా అమ్మాయి కాపురం బుడాపెస్ట్‌లో. ఏడాదికోసారి వెళ్లి రెండు నెలలు ఉండి వస్తాను, వెళ్లినప్పుడల్లా ఎక్కడ గుర్రాలుంటే అక్కడికి బయల్దేరతాను. మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే, ఇంత దూరం వచ్చి కూడా పేడ వాసనకే పోతాను. ఇలాంటి షోలు నాలుగైదు చూశాను కాబట్టి చెప్తున్నాను: వెళ్లండి. కాకపోతే షో కన్నా ముందు మ్యూజియానికి వెళ్లి ఆ గుర్రం ఎముకలు చూడండి. అవి చూడకుండా షోకి వెళ్తే అలంకరణ మాత్రమే కనిపిస్తుంది.

ముందు ఆ 54 సంగతి. అది నిజమే. కించెమ్ ఆడ గుర్రం. 1874 మార్చి 17న హంగరీలోని కిష్‌బేర్ అశ్వశాలలో పుట్టింది. యజమాని ఎర్నో బ్లాస్కోవిచ్. 'కించెమ్' అంటే వాళ్ల భాషలో 'నా నిధి' అని అర్థం. మనమైతే 'నా బంగారం' అంటాం కదా, అచ్చం అదే ముద్దు మాట. 1876లో రెండేళ్ల పిల్లగా పది రేసులు, 1877లో పదిహేడు, 1878లో పదిహేను, 1879లో పన్నెండు. కూడితే 54. ఒక్కటి కూడా ఓడలేదు. ఇవి ఊళ్లో చెప్పుకునే లెక్కలు కావు, రేసు రికార్డుల్లో ఉన్నవి.

రేసులు తెలిసినవాళ్లు ఇక్కడ రెండు అడ్డు ప్రశ్నలు వేస్తారు, వేయాలి కూడా. ఒకటి, వాటిలో కొన్ని రేసులకు అసలు పోటీయే లేదు. ఈ గుర్రం పేరు చూసి మిగతావాళ్లు తప్పుకుంటే ఒంటరిగా ట్రాక్ చుట్టి వచ్చి గెలిచింది. రెండు, ఆ రోజుల్లో ఒక్కో రేసులో పరిగెత్తే గుర్రాలు తక్కువ. 1878లో ఇంగ్లండ్ వెళ్లి గుడ్‌వుడ్ కప్ గెలిచినప్పుడు బరిలో ఉన్నవి మూడే. రెండూ నిజమే. అయినా నా వృత్తి కళ్లతో చూస్తే ఆశ్చర్యం వేరే చోట ఉంది. కిలోమీటరు కన్నా తక్కువ దూరం నుంచి నాలుగు కిలోమీటర్ల పైచిలుకు దాకా అన్ని దూరాలూ గెలిచింది. మన దగ్గర 1,200 మీటర్ల గుర్రం వేరు, 2,400 మీటర్ల గుర్రం వేరు. ఒకదాన్ని తీసుకెళ్లి రెండోదాంట్లో దింపితే ట్రైనర్‌కి మతిపోయిందంటారు. పైగా ఈ గుర్రం రేసుకీ రేసుకీ మధ్య రైలు పెట్టెలో ఉండేది. వియన్నా, ప్రాగ్, బెర్లిన్, హాంబర్గ్, బాడెన్-బాడెన్, అక్కడి నుంచి సముద్రం దాటి ఇంగ్లండ్, మళ్లీ ఫ్రాన్స్‌లో డోవిల్. మా కాలంలో కూడా బెంగళూరు నుంచి ట్రక్కులో వచ్చిన గుర్రం దిగగానే మేత ముట్టక మాకు టెన్షన్ పెట్టేది. నాలుగేళ్లు అలా తిరిగి ఒక్క రోజు కూడా తడబడకపోవడం, అదీ విశేషం.

తడబడబోయిన రోజు ఒకటుంది. 1878లో బాడెన్-బాడెన్‌లో ప్రిన్స్ గైల్స్ అనే గుర్రంతో కలిసి ఒకేసారి గీత దాటింది. డెడ్ హీట్. అప్పట్లో అలా జరిగితే యజమానులు ఒప్పుకుంటే అదే రోజు మళ్లీ ఆ రెంటినే పరిగెత్తించేవారు. రెండోసారి కించెమ్ సునాయాసంగా గెలిచింది. మొదటిసారి ఎందుకు అలా అయిందంటే జాకీ మ్యాడెన్ తాగి ఎక్కాడని చెబుతారు. రెండో పరుగులో ఒక వీధి కుక్క అడ్డొస్తే తన్ని మరీ గెలిచిందని ఇంకో ముక్క కలుపుతారు. నేను చూసిన షోలో ఈ కుక్కకు ఒక పాత్ర కూడా ఇచ్చారు. జనం పడీ పడీ నవ్వారు.

ఇక కట్టుకథలేవో, నమ్మదగినవేవో ఒక డాక్టరుగా నా అభిప్రాయం చెప్తాను. షోలో ఇవన్నీ కలగలిపి వస్తాయి కాబట్టి మీ పాప అడుగుతుంది.

పిల్లి కథ అందరికీ ఇష్టం. కించెమ్‌కి ఒక పిల్లి స్నేహం ఉండేదట. అది లేకపోతే రైలెక్కేది కాదట. ఇంగ్లండ్ నుంచి తిరిగొచ్చేటప్పుడు రేవులో పిల్లి కనిపించకపోతే, అది దొరికేదాకా గుర్రం కదలకుండా గంటల తరబడి నిలబడిందంటారు. గంటల లెక్క నాకు తెలియదు గానీ మూల విషయం నమ్ముతాను. గుర్రం మంద జంతువు, ఒంటరిగా ఉంచితే దానికి దిగులు. నా దగ్గర ఒక ఆడ గుర్రం ఉండేది. రోజంతా గదిలో అటూ ఇటూ తిరుగుతూ బక్కచిక్కిపోయింది. మందులు పని చేయలేదు. చివరికి దాని సైసు, అంటే గుర్రాన్ని చూసుకునే మనిషి, ఆయనకి చదువు రాదు, ఒక మేకను తెచ్చి పక్కన కట్టేశాడు. వారంలో గుర్రం మేత తినడం మొదలెట్టింది. నేను రాసిన చీటీలన్నీ ఒక ఎత్తు, ఆ మేక ఒక ఎత్తు. ఆ మేకను తర్వాత రేసుకి వెళ్లే ట్రక్కులో కూడా ఎక్కించేవాళ్లం. కాబట్టి పిల్లి విషయంలో నాకు పేచీ లేదు.

నీళ్ల కథ. కించెమ్ ట్రెయినింగ్ డాన్యూబ్ పక్కన గోడ్ అనే ఊళ్లో జరిగేది. అక్కడి బావి నీళ్లు తప్ప తాగేది కాదని, అందుకే ఎక్కడికెళ్లినా ఆ నీళ్లు మోసుకెళ్లేవారని చెబుతారు. ఒకసారి బాడెన్-బాడెన్‌లో నీళ్లు అయిపోతే రెండు మూడు రోజులు గుక్క ముట్టలేదట. దీన్ని విన్నవాళ్లు 'అబ్బా, ఎంత గారాబం' అంటారు. గారాబం కాదండీ, అది మేం రోజూ చూసే సమస్య. గుర్రానికి నీటి రుచి మారితే తాగదు. తాగకపోతే పేగుల్లో మేత గట్టిపడి కడుపునొప్పి వస్తుంది. మేం దాన్ని కోలిక్ అంటాం, గుర్రం కడుపునొప్పితో చావగలదు. అందుకే ప్రయాణానికి వారం ముందు నుంచే ఇంటి నీళ్లలో కాస్త బెల్లం కలిపి అలవాటు చేస్తాం. కొత్త ఊళ్లో కూడా అదే బెల్లం కలిపితే రుచి తేడా తెలియక తాగేస్తుంది. కించెమ్ మనుషులకు బెల్లం ఉపాయం తట్టలేదు, బావినే మోసుకెళ్లారు. విచిత్రం ఏమిటంటే చివరికి ఆ గుర్రం పోయింది కూడా కోలిక్ తోనే. 1887 మార్చి 17న, సరిగ్గా పదమూడో పుట్టినరోజున.

దుప్పటి కథ మాత్రం నేను నమ్మను. సైసు ఫ్రాంకీ చలికి వణుకుతూ పడుకుంటే గుర్రం తన దుప్పటి తీసి అతని మీద కప్పిందంటారు. గుర్రాలు దుప్పట్లు పళ్లతో లాగి పారేస్తాయి. అది వాటి రోజువారీ అల్లరి. పారేసింది ఆ రోజు ఫ్రాంకీ మీద పడి ఉంటుంది. ఇది మా అమ్మాయితో అంటే, 'నాన్నా, నీ పక్కన కూర్చుని షో చూడటం కష్టం' అంది. మీ పాపకు దుప్పటి కథ నిజమనే చెప్పండి.

ఇప్పుడు నాకు ముఖ్యమనిపించే విషయానికి వస్తాను. షోకి పెట్టే ప్రచారం చూస్తే 'హంగరీ జాతి గర్వం, వెయ్యేళ్ల అశ్వ సంప్రదాయం' అని ఉంటుంది. కానీ లెక్క చూడండి. కించెమ్ నెత్తురు హంగరీది కాదు. తండ్రి కాంబుస్కన్ ఇంగ్లండ్ నుంచి తెచ్చిన గుర్రం. ట్రైనర్ రాబర్ట్ హెస్ప్ ఆంగ్లేయుడు. జాకీ కూడా అంతే. అసలు రేసులనే ఆటే అక్కడిది కాదు. ఇష్త్వాన్ సేచెన్యి అనే ప్రభువు ఇంగ్లండ్‌లో చూసొచ్చి 1827లో పెస్ట్‌లో మొదలుపెట్టించాడు (బుడా, పెస్ట్ అనే ఊళ్లు కలిసే తర్వాత బుడాపెస్ట్ అయింది). డాన్యూబ్ మీద చైన్ బ్రిడ్జి కట్టించాలని పట్టుబట్టినవాడు కూడా ఆయనే.

ఇంకా ముందుకెళ్లండి. హంగరీ గుర్రాలని చూపించే జాతుల్లో నోనియుస్ ఒకటి. దాని మూల పురుషుడు నెపోలియన్ యుద్ధాల్లో ఫ్రాన్స్ నుంచి పట్టుకొచ్చిన గుర్రం. మెజోహెగ్యెష్ అశ్వశాలలో దాన్నుంచి ఒక జాతినే నిలబెట్టారు. షాగ్యా ఇంకో జాతి. అది సిరియా ఎడారి వైపు నుంచి 1836లో బాబోల్నా అశ్వశాలకు తెచ్చిన అరబ్బీ గుర్రం పేరు. తెల్లటి లిపిజ్జానర్లను సిల్వాష్‌వారాద్‌లో పెంచుతారు, వాటి పేరు ఇప్పటి స్లొవేనియాలో ఉన్న ఊరిది. ఆ పెంపకం సంప్రదాయానికి 2022లో యునెస్కో గుర్తింపు వస్తే అందులో హంగరీతో పాటు మొత్తం ఎనిమిది దేశాలున్నాయి.

తమాషా ఇంకోటి ఉంది. ప్రపంచంలో ఉన్న థరోబ్రెడ్ రేసు గుర్రాలన్నిటికీ, మన మలక్‌పేటలో పరిగెత్తేవాటికి కూడా, మూల పురుషులని చెప్పే మగ గుర్రాలు మూడు. అందులో ఒకటైన బయర్లీ టర్క్‌ను 1686లో తురుష్కుల చేతిలో ఉన్న బుడా కోటను ముట్టడించినప్పుడు పట్టుకున్నారని ఒక కథనం. అది నిజమైతే ఇంగ్లండ్ నెత్తురు అనుకున్నదాంట్లో ఒక చుక్క బుడా నుంచే వెళ్లి, రెండు వందల ఏళ్ల తర్వాత కించెమ్ రూపంలో తిరిగొచ్చిందన్నమాట.

మరి ఇందులో హంగరీ వాళ్లది ఏమిటి? చెయ్యి. గుర్రం ఎక్కడి నుంచి వచ్చినా దాన్ని పట్టిన చెయ్యి వాళ్లది. ఏ నేల మీద పెంచారు, ఏ పనికి వాడారు, ఎలా మచ్చిక చేశారు, ఏ పేరు పెట్టి పిలిచారు, ఇవి వాళ్లవి. అందుకే షోలో మొదటి సగం రేసు గుర్రం, రెండో సగం పల్లె కాపరుల విద్యలు పెడితే, చూడటానికి రెండు వేర్వేరు ముక్కలు అతికించినట్టుంటుంది గానీ రెండింట్లో చూడాల్సింది ఒక్కటే, ఆ చెయ్యి.

అయినా ఇంగ్లిష్ గుర్రం కోసం జనం అంతగా పొంగిపోవడం ఎందుకో తెలియాలంటే కాలం చూడాలి. 1848లో ఆస్ట్రియా మీద హంగరీ తిరగబడింది, మరుసటి ఏడాదికల్లా అణిచేశారు. 1867లో రాజీ కుదిరి ఆస్ట్రియా-హంగరీ జంట రాజ్యమైంది. ఆ తర్వాత ఏడేళ్లకు పుట్టిన గుర్రం వియన్నాలో గెలుస్తుంది, బెర్లిన్‌లో గెలుస్తుంది, ఇంగ్లండ్ వెళ్లి వాళ్ల ఆటలో వాళ్లనే గెలుస్తుంది. కించెమ్ పిల్లలకు పెట్టిన పేర్లు వినండి, ఆ మనసు తెలుస్తుంది. ఒకదాని పేరు 'బుడా ముత్యం', అది 1885లో జర్మన్ డెర్బీ గెలిచింది. ఇంకోదాని పేరు 'ఇలాంటిది లేదు'. మరోదాని పేరు 'తల్‌ప్రా మజ్యర్', అంటే 'లే, హంగేరియన్!' అని. 1848 విప్లవ గీతం మొదలయ్యేది సరిగ్గా ఆ మాటలతోనే. చక్రవర్తి ఏలుబడిలో ఆ మాట వీధిలో అరిస్తే ఏమయ్యేదో గానీ, రేసు కార్డు మీద అచ్చు వేస్తే ఎవరేమంటారు?

షోలో రెండో సగం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అక్కడే తెలియక కోల్పోయేది ఎక్కువ.

తూర్పు హంగరీలో హోర్తోబాగ్ అని పెద్ద మైదానం ఉంది. దాన్ని పుస్తా అంటారు. కనుచూపు మేర చెట్టు ఉండదు. 1999 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. అక్కడి గుర్రాల కాపరిని చికోష్ అంటారు. నీలం రంగు వదులు చొక్కా, లంగాలా కనిపించే వెడల్పు పైజామా, నల్ల టోపీ. చేతిలో పొట్టి పిడి, చాలా పొడవాటి తోలు ఉన్న కొరడా. ఈ కాపరి జీనును జాగ్రత్తగా చూడండి. గుర్రం పొట్ట కింద కట్టే పట్టీ ఉండదు. రికాబులున్న ఒక తోలు ముక్క వీపు మీద ఊరికే పరిచి ఉంటుంది, అంతే. మామూలువాడు రికాబులో కాలు పెట్టి ఎక్కబోతే జీనుతో సహా కింద పడతాడు. దీని వెనక కారణం ఉంది. మైదానంలో రాత్రిపూట మందకు ఏదైనా అయితే పట్టీలు బిగిస్తూ కూర్చునే వ్యవధి ఉండదు. అలా వేసి ఇలా దూకాలి. బరువు రెండు వైపులా సమానంగా పెట్టి కూర్చోవడం చిన్నప్పటి నుంచీ వస్తేనే వస్తుంది.

కొరడా ఛెళ్లుమన్నప్పుడు పిల్లలు ఉలిక్కిపడతారు. తుపాకీ పేలినట్టుంటుంది. మొదటిసారి నేను మా మనవణ్ని ముందు వరసలో కూర్చోబెట్టి పెద్ద తప్పు చేశాను. వాడు ఏడుపు లంకించుకుంటే అరగంట బయట ఐస్‌క్రీమ్ తినిపిస్తూ గడిపాను. ఆ చప్పుడు కొరడా దేనికో తగలడం వల్ల రాదు. కొరడా చివర గాలిలో ధ్వని కన్నా వేగంగా మళ్లినప్పుడు పుట్టే పేలుడు అది. కొరడా గుర్రాన్ని తాకదు.

ఆ తర్వాత గుర్రాన్ని పడుకోబెడతారు. చుట్టూ కొరడాలు పేలుతుంటే గుర్రం పక్కకు ఒరిగి కదలకుండా ఉంటుంది, కాపరి దాని మీద నిలబడతాడు. చూసినవాళ్లు చప్పట్లు కొట్టి మర్చిపోతారు. నాకు మాత్రం షో మొత్తంలో గొప్ప ఘట్టం ఇదే. గుర్రం వేటకు బలయ్యే జంతువు. ప్రమాదం వాసన తగిలితే దానికి తెలిసిన ఒకే ఒక్క ఉపాయం పరుగు. నేల మీద ఒరిగిందంటే ఆ ఉపాయాన్ని వదిలేసిందన్నమాట. నేను ఇంజెక్షన్ లేకుండా గుర్రాన్ని పడుకోబెట్టమంటే చాలామంది సైసులు నన్ను చూసి నవ్వేవారు. ఈ విద్య ఎందుకు పుట్టిందో చికోష్‌లు చెప్పేది ఇది: చెట్టు కూడా లేని మైదానంలో దాక్కోవాలంటే గుర్రంతో సహా గడ్డిలో పడుకోవడం ఒక్కటే దారి. సైనికులకు, దారిదోపిడీ దొంగలకు కూడా అది పనికొచ్చింది. కుక్కలా కూర్చోబెట్టడం కూడా చేస్తారు. అది నాకంత ఇష్టం ఉండదు. నడుము మీద భారం.

చివర్లో వచ్చేది ఐదు గుర్రాల విన్యాసం. వెనక రెండు గుర్రాల వీపుల మీద చెరో కాలు పెట్టి నిలబడి, ముందు మూడు గుర్రాలను పగ్గాలతో పట్టుకుని దౌడు తీయిస్తాడు. వాళ్లు దీన్ని తరతరాల విద్య అన్నట్టు చూపిస్తారు గానీ కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కోఖ్ అనే ఆస్ట్రియన్ చిత్రకారుడు ఊహించి బొమ్మ వేశాడు. ఆ బొమ్మ చూసి ఒక చికోష్ పంతం పట్టి 1950ల్లో నిజంగా చేసి చూపించాడు. అప్పటి నుంచీ అది సంప్రదాయం అయిపోయింది. నాకు ఇది తెలిసిన తర్వాత షో మీద గౌరవం తగ్గలేదు, పెరిగింది. బొమ్మలోంచి మనిషిని దింపడం మాటలా?

కొన్ని షోల్లో గుర్రం మీద నుంచి బాణాలు వేయడం కూడా ఉంటుంది. మరుగున పడిన ఆ విద్యను మళ్లీ ఆటగా నిలబెట్టినవాడు లాయోష్ కష్షై. అది బాగుంటుంది, పిల్లలకు నచ్చుతుంది. బండ్ల పోటీ ఉంటే దాన్ని వదలకండి. ఎందుకంటే 'కోచ్' అనే మాటే హంగరీది. బుడా-వియన్నా దారిలో కోచ్ అని ఒక చిన్న ఊరుంది. పదిహేనో శతాబ్దంలో అక్కడి వడ్రంగులు చేసిన తేలికపాటి బండికి ఊరి పేరే వచ్చింది, అదే అన్ని భాషల్లోకీ పాకింది. మన రైలు కోచ్ అదే. విద్యార్థిని బండిలో ఎక్కించుకుని పరీక్ష దాటించేవాడనే హాస్యంలోంచి ఆక్స్‌ఫర్డ్‌లో పాఠం చెప్పేవాణ్ని కూడా కోచ్ అన్నారు. అంటే అమీర్‌పేటలో బోర్డు కట్టిన ప్రతి కోచింగ్ సెంటర్‌కీ ముత్తాత ఆ ఊరి బండే. ఈ ముక్క చెప్తే మా అల్లుడు నమ్మలేదు, ఫోన్‌లో వెతికి చూసుకున్నాడు.

సర్కసా అని అడిగారు. కొంత అవును. పాటలుంటాయి, లైట్లుంటాయి, కించెమ్ పాత్ర వేసే గుర్రం ఆ చిన్న ఇసుక మైదానంలో నిజమైన రేసు వేగంలో పరిగెత్తలేదు. థరోబ్రెడ్ పూర్తి వేగం అందుకోవడానికి, మళ్లీ ఆగడానికి చాలా చోటు కావాలి. కాబట్టి రేసు ఘట్టాన్ని సంగీతంతో, తెర మీద బొమ్మలతో నడిపిస్తారు. అక్కడ నిరాశపడకండి. అసలు పరుగు చూడాలనుంటే బుడాపెస్ట్‌లోనే కించెమ్ పార్క్ అని రేస్ కోర్స్ ఉంది, 1925లో తెరిచారు. రెండో నంబరు మెట్రోలో పిల్లంగో ఉత్సా స్టేషన్‌లో దిగితే దగ్గర. రేసులున్న రోజు చూసుకుని వెళ్లండి. మలక్‌పేటలో ఉండే హడావుడి ఉండదు. కుటుంబాలతో వచ్చి గడ్డి మీద కూర్చుంటారు. 2009లో మాత్రం ఓవర్‌డోస్ అనే గుర్రం అక్కడ పరిగెత్తినప్పుడు వేలాది మంది విరగబడ్డారు. వేలంలో రెండు వేల గినీలకు, అంటే రేసు గుర్రానికి చాలా చవగ్గా, కొన్న గుర్రం అది. ఓటమి లేకుండా వరసగా గెలుస్తుంటే జనానికి మళ్లీ కించెమ్ పుట్టిందనిపించింది. తర్వాత ఓడింది, పాపం. పోయింది కూడా కోలిక్ తోనే, 2015లో.

ఓడకుండా ఆగిపోయిన గుర్రాలు వేరేవీ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో ఫ్రాంకెల్ 14, ఆస్ట్రేలియాలో బ్లాక్ కేవియర్ 25. ప్యూర్టోరికోలో కమరేరో వరసగా 56 గెలిచి, తర్వాతిది ఓడింది. మొత్తం జీవితంలో ఒక్కటీ ఓడకుండా 54 అంటే మాత్రం కించెమే.

హింస సంగతి. నేను చూసిన చోట్ల గుర్రాలు బాగానే ఉన్నాయి, కానీ నా మాట మీద వెళ్లకండి, మీరే చూసి తేల్చుకోండి. చూడటం తేలికే. గుర్రం చెవులు గమనించండి. ఒక చెవి రౌతు వైపు, ఒక చెవి ముందుకు తిరుగుతూ ఉంటే అది పనిలో ఉంది. రెండు చెవులూ వెనక్కి మెడకు అతుక్కుపోయి చాలాసేపు అలాగే ఉంటే దానికి కోపమో నొప్పో ఉంది. తోక ఈగలు లేకపోయినా అదేపనిగా విసురుతుందా? నోరు తెరిచి కళ్లేన్ని తప్పించుకోవాలని చూస్తుందా? నోటి మూలల్లో పుండు ఉందా? పక్కటెముకల దగ్గర వెంట్రుకలు రాలి మచ్చ ఉందా? నోటి దగ్గర కాస్త తెల్ల నురగ ఉంటే భయపడకండి, కళ్లేన్ని నములుతున్న గుర్రానికి అది మామూలే. షో అయ్యాక చాలాచోట్ల శాల చూడనిస్తారు. మనిషి దగ్గరికి వస్తే గుర్రం తల ఎత్తి వెనక్కి జరిగితే ఆ చోట చెయ్యి మంచిది కాదు. ముక్కు ముందుకు చాపి వాసన చూస్తే పర్వాలేదు. నీడ ఉందా, నీళ్లున్నాయా అని కూడా చూడండి. జూన్ మధ్యాహ్నం అక్కడ ఎండ మనం అనుకున్నదాని కన్నా ఎక్కువ.

భాష గురించి బెంగ వద్దు. చాలాచోట్ల ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు చెప్తారు. కథ పైన చెప్పేశాను, అది చాలు. బుక్ చేసేటప్పుడు ఏ తేదీన, ఎక్కడ జరుగుతుందో తప్పకుండా మళ్లీ సరిచూసుకోండి, ఇలాంటివి చోటు మారుతుంటాయి. ఒకవేళ మీ తేదీలకు కించెమ్ షో కుదరకపోతే గొడొల్లొ దగ్గర దొమొన్యవొల్జ్ అనే చోట లాజార్ అన్నదమ్ముల అశ్వ పార్కు ఉంది. వాళ్లు గుర్రబ్బండి పోటీల్లో ప్రపంచ ఛాంపియన్లు. అక్కడ కాపరుల విద్యలన్నీ చూపిస్తారు. వెళ్లే దారిలో గొడొల్లొ రాజభవనం, గుర్రపు స్వారీ అంటే ప్రాణం పెట్టిన ఆస్ట్రియా-హంగరీ మహారాణి ఎలిజబెత్ తరచూ వచ్చి ఉన్నది అక్కడే. అమ్మగారికి అదే ఎక్కువ నచ్చొచ్చు.

ముందు మ్యూజియం అన్నాను కదా. సిటీ పార్కులో వైదహున్యద్ కోట, అందులో వ్యవసాయ మ్యూజియం. కించెమ్ అస్థిపంజరం అక్కడే ఉంది. హీరోస్ స్క్వేర్ నుంచి నడిచి వెళ్లొచ్చు. పాపను దాని ముందు నిలబెట్టి ముందు కాలు చూపించండి. మనం గుర్రం మోకాలు అనుకునేది నిజానికి మన మణికట్టు. దాని కింద అరచేతి ఎముక, ఆ కింద ఒకే ఒక్క వేలు, మన మధ్యవేలు. గిట్ట ఆ వేలి గోరు. లాడం కొట్టేది గోటికే. అంత బరువైన శరీరం నాలుగు వేళ్ల మీద నిలబడి 54 సార్లు పరిగెత్తింది. పాపను తన మధ్యవేళ్ల మీద ఒకసారి బరువు వేసి చూడమనండి. తర్వాత షోలో గుర్రం దౌడు తీస్తుంటే ఆ పిల్ల కళ్లు ఎక్కడుంటాయో మీరే చూడండి, రౌతు టోపీ మీద ఉండవు.

టికెట్ తీసేటప్పుడు ముందు వరసలు వద్దు, నాలుగైదు వరసలు వెనక తీసుకోండి. దుమ్ము, కొరడా చప్పుడు రెండూ తగ్గుతాయి. అమ్మగారికి ఒక శాలువా పెట్టండి, సాయంత్రం షో అయితే గాలి చల్లబడుతుంది. శాల దగ్గర పాప చేతికి క్యారెట్ ఇస్తే అరచేయి చదునుగా చాపి పెట్టమనండి, వేళ్లు మడవొద్దు. గుర్రానికి తన నోటి కిందున్నది కనబడదు, పెదవులతో తడిమి అందుకుంటుంది. ఇంకోటి, పిల్లి కోసం చూస్తూ కూర్చుంటుందేమో, నేను చూసిన రెండుసార్లూ పిల్లి బొమ్మే వచ్చింది, నిజం పిల్లి రాలేదు. ముందే చెప్పి పెట్టండి.